ఇరవైకి పదిహేను

ఆ అమ్మాయి మార్కుల కాగితాన్ని ఊళ్ళో మొదట చదివినవాణ్ణి నేనే. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిన మరుసటి వేసవిలో ఒక పొద్దున్న, వాళ్ళ నాన్న దాన్ని తెల్ల డ్రిల్లు గుడ్డముక్కలో చుట్టి తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఆయన దర్జీ. దొరల తెల్ల కోట్లూ, పోలీసుల కాకీ దుస్తులూ కుట్టి బతికినవాడు. దొరలు పోయాక ఆయన మిషను ముందుకు జాకెట్లూ చొక్కాలూ తప్ప ఇంకేమీ రావడం లేదు. మా వీధి చివరే ఇల్లు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైనా ఆయన నన్ను మేస్టారనే పిలిచేవాడు. వాళ్ళమ్మాయికి నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను మరి.

"సెప్పండి మేస్టారూ. మా అమ్మాయికి డాట్రు సీటొత్తాదాండి?" అన్నాడు, నిలబడే.

నన్నే అడగడానికి కారణం ఉంది. అప్పట్లో మా ఊళ్ళో ఫ్రెంచి చదివినవాళ్ళు చాలామంది. కాకినాడ వెళ్ళి ఇంగ్లీషు చదివినవాళ్ళు కొద్దిమంది. రెండూ తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. నేను యానాం బడిలో ఫ్రెంచి చదివి, తరవాత తాళ్ళరేవులో మా అమ్మమ్మగారింట ఉండి, మెట్రిక్కు ప్రైవేటుగా కట్టి, కాకినాడలో ఇంటర్మీడియట్ చేశాను. అంచేత ఊళ్ళో ఎవరికి ఏ కాగితం ఇంగ్లీషులోకి కావాలన్నా మా అరుగెక్కేవారు. పుట్టిన తేదీ కాగితాలు, పెళ్ళి కాగితాలు, పింఛను కాగితాలు ఎన్నో తర్జుమా చేశాను. ఆ రెండు చదువుల పద్ధతులూ తెలిసినవాణ్ణి నేను. ఈ కథలో నా తప్పు పెద్దదని ఎందుకంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

గుడ్డ విప్పి కాగితం చూశాను. ఆ అమ్మాయి మా బడి చదువు ముగించాక పాండిచ్చేరిలో మేనత్త ఇంట్లో మూడేళ్ళు ఉండి, అక్కడి పెద్ద పరీక్ష రాసి వచ్చింది. దాన్ని బకలోరియా అంటారు. లెక్కలు ఇరవైకి పదిహేడు. భౌతిక రసాయన శాస్త్రాలు పదహారు. జీవశాస్త్రం పదహారు. తత్వశాస్త్రం పన్నెండు. అన్నీ కలిపి సగటు పదిహేను. అడుగున గుండ్రటి అక్షరాలతో ‘బియాఁ’ అని ఒకే ఒక్క మాట, దాని కింద ముద్ర.

తెలియనివాళ్ళకి ఒక్క సంగతి చెప్పాలి. ఫ్రెంచి చదువులో ఇరవైకి పది వస్తే గట్టెక్కినట్టు. పన్నెండు వస్తే ఆ ఇంట్లో పాయసం వండుకునేవారు. పద్నాలుగు వచ్చినవాడు వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్ళు ఆపి పలకరించేవారు. మా పాత హెడ్మాస్టరు దిద్దిన కాగితాలు పంచేటప్పుడు, "ఇరవై దేవుడిది. పందొమ్మిది నాది. మిగిలినవాటికోసం మీరు కొట్టుకోండి" అనేవారు. ఆ ముద్ర పైన ‘బియాఁ’ అన్న మాట నేను అంతకుముందు ఏ యానాం పిల్ల కాగితం మీదా చూడలేదు.

నాకు ఒళ్ళు తెలియలేదు.

"తప్పకుండా వస్తుంది బాబాయ్! ఈ పిల్లకి రాకపోతే ఇంకెవరికొస్తుంది?" అన్నాను.

ఆయన చేతులు రెండూ జోడించబోయి, మళ్ళీ సిగ్గుపడి, భుజంమీది టేపు సర్దుకున్నాడు. "ఆయ్, మీరన్నారు కదండీ. ఇంక నాకు దిగుల్లేదు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. అప్పుడు ప్రతివాడూ సీటు సంగతి తేల్చడం మొదలుపెట్టాడు. ఆస్పత్రి కాంపౌండరు, ఆడపిల్లలకి వేరే సీట్లుంటాయి కాబట్టి బెంగ లేదన్నాడు. అగ్రహారంలో ఉండే ధాన్యం వర్తకుడొకాయన, ఎవరైనా పెద్దమనిషి ఉత్తరం లేకపోతే అక్కడ గుమ్మం కూడా తొక్కనివ్వరన్నాడు. దొరల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒక ముసలాయన మాత్రం నా మొహం మీదే, "మన కాగితాలు ఇప్పుడు పొట్లాలు కట్టుకోడానికి పనికొస్తాయయ్యా, అంతకుమించి ఎక్కడా చెల్లవు" అన్నాడు. అందరిలోకీ సరిగ్గా చెప్పినవాడు ఆయనే. ఆయనతోనే నేను దెబ్బలాడి, రెండు నెలలు మాట్లాడటం మానేశాను.

ఆ అమ్మాయి గురించి చెప్పలేదు కదూ. పద్దెనిమిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. క్లాసులో నేను బోర్డుమీద లెక్క చేస్తూ ఎక్కడైనా గుర్తు తప్పు వేస్తే, వెనక బల్లమీంచి లేచి, "మూడో వరస చూడండి మేస్టారూ" అని కూర్చునేది. నవ్వేది కాదు, గర్వపడేదీ కాదు. తప్పు కనపడితే ఊరుకోలేదు, అంతే. డాక్టరెందుకు కావాలనుకుంటున్నావని అడిగితే భుజాలు ఎగరేసేది. ఇంట్లో జబ్బుపడి పోయినవాళ్ళెవరూ లేరు. ఎవరికీ మాటిచ్చిందీ లేదు. ఆ చదువు చదవాలనుకుంది.

మూడు కాలేజీలకి దరఖాస్తులు పెడదామని నేనే నిర్ణయించాను. మూడూ పేరున్నవే. ఒక్కో దానిలోనూ వందలమంది పెట్టుకుంటే పదులమందిని తీసుకునే చోట్లు. ఫారాలు తెప్పించాం. నింపడానికి తండ్రీకూతుళ్ళు మా ఇంటికొచ్చారు. మొదటి పేజీ దాటకుండానే చిక్కొచ్చింది. ‘సొంత జిల్లా’ అని ఒక గడి ఉంది.

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. మా ఊరికి మూడు పక్కలా తూర్పు గోదావరి జిల్లా. నాలుగో పక్క గోదావరి. మా పొలాల గట్లు అవతలి ఊళ్ళ గట్లతో కలిసే ఉంటాయి. మాట ఒకటి, కూర ఒకటి. అయినా యానాం ఆ జిల్లాలోది కాదు. పాండిచ్చేరికి చెందినది. అదేమో ఎక్కడో అరవదేశంలో ఉంది.

"తూర్పు గోదావరి అని రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"అది అబద్ధం కదండీ" అంది ఆ అమ్మాయి.

"తాళ్ళరేవులో మా మావయ్య ఉన్నాడు. ఆయనింటి చిరునామా ఇద్దాం. అప్పుడు అబద్ధం కాదు."

"నేనెప్పుడూ తాళ్ళరేవులో ఉండలేదు మేస్టారూ."

వాళ్ళ నాన్న ఆమెకేసి, నాకేసి చూసి, "నువ్వూరుకోవే. మేస్టారికి తెలీదా?" అన్నాడు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. చివరికి ‘యానాం’ అనే రాశాను. విసుగ్గా రాశాను. ఆ విసుగు ఆమె మీద చూపించినందుకు తరవాత చాలాసార్లు బాధపడ్డాను. కానీ ఆ క్షణాన నాకు తోచింది ఒక్కటే: ఇంత తెలివైన పిల్లకి లోకం తీరు తెలియదే అని.

ఫారాలయ్యాక మార్కుల కాగితం తర్జుమా చేశాను. సబ్జెక్టుల పేర్లు, అంకెలు, తేదీ. అడుగున ఆ మాట. బియాఁ అంటే ‘బాగు’ అని. ఇంగ్లీషులో ‘గుడ్’ అని రాశాను. మాటకి మాట. నాకు తర్జుమాలో ఒక పట్టుదల ఉండేది. ఒక మాట ఎక్కువ రాయకూడదు, ఒక మాట తక్కువ రాయకూడదు. ఊళ్ళో సర్కారు ఆఫీసుకి తీసుకెళ్ళి, నిజమైన తర్జుమా అని ముద్ర కూడా వేయించాను. ఆ అమ్మాయి దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. అడుగున కాసేపు ఆగింది. తరవాత మడిచి కవర్లో పెట్టింది.

జవాబులు రావడానికి నెల పైన పట్టింది. మొదటి కాలేజీ ఇంటర్వ్యూకి రమ్మంది. రెండోది, మీ పరీక్ష దేనికి సమానమో ధ్రువపత్రం పంపండి అంది. మూడోది, మా రాష్ట్రం వాళ్ళకి తప్ప సీట్లు లేవని ఒక్క ముక్కలో తేల్చేసింది. ధ్రువపత్రం కోసం పాండిచ్చేరికి ఉత్తరం రాశాను. అది అక్కడ ఏ బల్లమీద పడుకుందో తెలియదు. గుర్తుచేస్తూ ఇంకోటి రాశాను. దానికీ జవాబు లేదు. మా ఊరి ఆఫీసుకెళ్ళి అడిగితే అక్కడి గుమాస్తా, "పాత కాయితాలు ఎవరు చూడాలో ఇంకా తేలలేదండి. తేలాక చూస్తారు" అన్నాడు. ఎప్పుడు తేలుతుందంటే, అది తేల్చేవాళ్ళు కూడా ఇంకా తేలలేదన్నాడు. నవ్వులాటకి అనలేదు. నిజంగా అదే పరిస్థితి.

ఇంటర్వ్యూకి ముగ్గురం వెళ్ళాం. ముసురు పట్టిన రోజులు. కాకినాడ దాకా బస్సు, అక్కణ్ణించి రైలు. అంతకుముందేడు దాకా ఊరి పొలిమేరలో సుంకాలవాళ్ళు బస్సు ఆపి మూటలు విప్పి చూసేవారు. ఇప్పుడు ఎవరూ ఆపలేదు. బాబాయి ఆ చోటు రాగానే అలవాటుకొద్దీ సంచీ తెరవబోయి, మళ్ళీ మూసుకున్నాడు. తెల్లచొక్కా కొత్తది కుట్టుకున్నాడు. కూతురికి లేతనీలం జాకెట్టు కుట్టాడు. ఆ కుట్టుపని చూసి రైల్లో ఒకావిడ ఏ ఊళ్ళో కుట్టించావమ్మా అని అడిగింది కూడా.

కాలేజీ వరండాలో పిల్లలూ తండ్రులూ గుంపులుగా ఉన్నారు. లోపలికి పిలిచేముందు కిటికీ దగ్గర కాగితాలు చూపించాలి. కిటికీ వెనక గుమాస్తా నడివయసు మనిషి. చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. చెడ్డవాడైతే నా కోపానికి ఒక దారి దొరికేది.

ఆయన నా తర్జుమా చేతిలోకి తీసుకుని, పెన్సిలుతో పక్కన లెక్క వేశాడు. "ఇరవైకి పదిహేను. ఐదుతో హెచ్చిస్తే డెబ్భై ఐదు."

"అలా హెచ్చించకూడదండి" అన్నాను.

"మరెలా హెచ్చించాలి?"

"అక్కడ పదిహేను అంటే చాలా ఎక్కువండి. ఎవరికీ రాదు. పది వస్తే పాసు."

"మా దగ్గర ముప్పై ఐదొస్తే పాసు. ఐనా నూటికి నూరే కదండీ లెక్క. మీరేం చేస్తుంటారు?"

"లెక్కల మేస్టర్నండి."

ఆయన తలెత్తి చూశాడు. "అయితే మీరే చెప్పండి. ఇరవైకి పదిహేను, నూటికి ఎంత?"

పక్కన ఆ అమ్మాయి నిలబడి వింటోంది. నాలుగేళ్ళు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఇరవైకి పదిహేను నూటికి డెబ్భై ఐదు కాదని ఏ లెక్కల మేస్టరు చెప్పగలడు?

"పోనీ పదిహేనంటే తొంభై అని ఎవరైనా రాసిచ్చిన కాగితం ఉందా? ఉంటే ఇవ్వండి, జతచేస్తాను" అన్నాడాయన, మంచిగానే.

లేదన్నాను. ఆయన ఇంకా కిందికి చదివి, వేలు పెట్టాడు. "ఇదేమిటి? గుడ్. ఇది ప్రవర్తన సంగతా?"

"కాదండి. క్లాసు."

"ఫస్టు క్లాసా?"

"ఫస్టు కంటే... అంటే అక్కడ దాన్ని అలా అంటారండి."

"గుడ్ అంటే మరి ఫస్టు తరవాతది కదా" అని, గడిలో ఏదో రాసుకుని, తర్వాతివాళ్ళని పిలిచాడు.

ఒక్క మాట. ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. ‘ఉత్తమ శ్రేణిలో’ అనో, ‘విశేష ప్రతిభతో’ అనో రాసి ఉండవచ్చు. రాసినా అబద్ధం కాదు. ఆ మాటకి అక్కడున్న విలువ అదే. నేను మాట తర్జుమా చేశాను, విలువ వదిలేశాను. రెండు పద్ధతులూ తెలిసినవాణ్ణి, కాకినాడలో డెబ్భై ఐదు వచ్చిన కుర్రాళ్ళని బెంచీల నిండా చూసినవాణ్ణి, నాకు ఆ ముక్క తట్టలేదు.

లోపల పది నిమిషాలకంటే ఉంచలేదు. బయటికి వచ్చాక అడిగాను, ఏమడిగారని.

"ఇంగ్లీషులో అడిగారండి. రక్తం గురించి అడిగితే చెప్పాను. మధ్యలో ఒక మాట ఇంగ్లీషులో రాక ఫ్రెంచిలో అనేశాను. ఒకాయన నవ్వారు. డాక్టరెందుకు అవుదామనుకుంటున్నావన్నారు."

"ఏమన్నావు?"

"నేను బాగా చేయగలననిపిస్తోంది అన్నాను."

"అంతేనా? పేదవాళ్ళకి సేవ చేస్తాననీ, మా ఊళ్ళో ఆడ డాక్టరు లేదనీ అనలేదూ?" నా గొంతు పెద్దదైంది. వరండాలో వాళ్ళు ఇటు తిరిగారు. "అందరూ అదే చెబుతారు, అదే వినాలనుకుంటారు వాళ్ళు!"

"వాళ్ళడిగింది ఎందుకని కదండీ. అది నిజం."

బాబాయి మధ్యలోకి వచ్చి, "పోన్లెండి మేస్టారూ, పొద్దున్నించీ ఏం తినలేదు మీరు. ఇడ్లీ తిందాం రండి" అన్నాడు.

తిరుగు రైలెక్కాం. కాకినాడలో బస్సెక్కి, కోరంగి దాటాక, ఆయన నా పక్కకి జరిగి, నెమ్మదిగా అడిగాడు. "మేస్టారూ, నాకు సదువు లేదు, ఏవనుకోకండి. గుడ్డంటే మంచిదే కదండీ?"

"మంచిదే బాబాయ్" అన్నాను.

"మరాయనెందుకు అలా మొహం పెట్టాడండి?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నా తప్పని అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

జాబితాలో ఆమె పేరు లేదు. రెండో కాలేజీ నుంచి, ధ్రువపత్రం అందనందువల్ల మీ దరఖాస్తు పరిశీలించలేదని కార్డు వచ్చింది. ఆ రోజు నేను ఇంట్లో అన్నం తినలేదు. కొత్తగా తర్జుమా చేశాను. ఆ ఒక్క మాట దగ్గర నాలుగు వరుసల వివరణ రాశాను. ఇరవైకి పదిహేను ఎంత అరుదో, ఆ పరీక్షలో ఎంతమంది తప్పుతారో, అన్నీ రాసి మొదటి కాలేజీకి రిజిస్టరు పోస్టులో పంపాను. ఎంపికలు ముగిశాయని జవాబొచ్చింది. ఆ జవాబు రాసినవాళ్ళు నా నాలుగు వరుసలూ చదివారో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఊళ్ళో మళ్ళీ తీర్పులు మొదలయ్యాయి. పెద్దమనిషి ఉత్తరం లేకే పోయిందని వర్తకుడు. ఆడపిల్ల కదా పోన్లే అని కాంపౌండరు. ముసలి గుమాస్తా మాత్రం ఏమీ అనకుండా, వీధిలో ఎదురైనప్పుడు నా భుజం తట్టి వెళ్ళాడు. అది ఇంకా మండింది నాకు.

పాండిచ్చేరిలోనే వైద్యం బడి ఉంది కదా, అక్కడ మీ మార్కులు వాళ్ళకి అర్థమవుతాయి కదా అని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. నేనూ అడిగాను. ఆ సంవత్సరం అది ఉంటుందో మారుతుందో ఎవరికీ తెలియదు. మేనత్త భర్తకి జబ్బు చేసి, వాళ్ళు ఇల్లు ఖాళీచేసి వచ్చేస్తున్నారు. ఆ దారి అలా మూసుకుపోయింది.

ఏం చేయాలో నేను ఆలోచిస్తుండగానే ఆ అమ్మాయి తనకి తానే తేల్చుకుంది. తండ్రిని వెంటబెట్టుకుని కాకినాడ వెళ్ళి, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో చేరింది. ఆ కాలేజీవాళ్ళు ఆమె బకలోరియాని మెట్రిక్కుతో సమానమని ఒప్పుకున్నారట! ఆ మాట బాబాయి సంతోషంగా వచ్చి చెబితే, నేను చేతిలో పుస్తకం నేలకేసి కొట్టాను.

"మెట్రిక్కుతో ఏమిటి బాబాయ్! అది మెట్రిక్కు దాటి మూడేళ్ళ చదువు. చదివిందే మళ్ళీ రెండేళ్ళు చదువుతుందా?"

"అదే ఎల్తానందండి. నేనేం సెయ్యను? మళ్ళీ సదివితే మర్చిపోదు కదా అందండి."

రెండేళ్ళు ఆమె రోజూ పొద్దున్న ఏడింటి బస్సుకి కాకినాడ వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేది. తనకంటే రెండు మూడేళ్ళు చిన్నపిల్లల పక్కన కూర్చునేది. పాండిచ్చేరిలో ఎప్పుడో చేసి వదిలేసిన లెక్కలు మళ్ళీ చేసేది. బస్సు మా ఇంటి ముందునుంచే వెళ్ళేది. ఆ వేళకి నేను అరుగు మీద ఉండకుండా చూసుకునేవాణ్ణి. ఆమెకి ఎదురుపడాలంటే సిగ్గుగా ఉండేది. సిగ్గు అనే మాట కూడా సరిపోదు. ఆమెని చూస్తే నా మీద నాకు వచ్చే కోపం, ఆమె మీదికి మళ్ళేది. ఆ రోజు ఆ ఇంటర్వ్యూలో ఒక్క అబద్ధం ఆడి ఉంటే పోయేది కదా అని.

రెండో ఏడు సగంలో ఒక ఆదివారం తనే వచ్చింది. రసాయన శాస్త్రం పుస్తకంలో ఒక ఇంగ్లీషు మాట చూపించి, ఫ్రెంచిలో దీన్నేమంటారండి అని అడిగింది. చెప్పాను. వెళ్ళబోతుంటే నేనే ఆపాను.

"అమ్మాయ్, నీ మార్కుల కాగితం తర్జుమాలో నేను తప్పు చేశాను. బియాఁ అన్నచోట గుడ్ అని రాశాను. అది నీకు చాలా నష్టం చేసింది."

"తెలుసండి" అంది.

"ఆ కిటికీ దగ్గర తెలిసిందా?"

"కాదండి. మీరు రాసిచ్చినప్పుడే. మీ ఇంట్లోనే."

నేను నిర్ఘాంతపోయాను. "అప్పుడే తెలిస్తే చెప్పకపోయావా? క్లాసులో గుర్తు తప్పు వేస్తే ఊరుకునేదానివి కాదు కదా!"

ఆమె పుస్తకం మూసింది. "అది లెక్కండి. తప్పయితే తప్పే. ఇది నా గురించి కదండీ. నన్ను ఇంకా గొప్పగా రాయండి మేస్టారూ అని నేనే ఎలా అడుగుతాను?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా మీద కూడా కాదు. ఆ పిల్లకి ఎవరు నేర్పారు ఈ మర్యాద? ఇంట్లో నేర్పారు, ఊళ్ళో నేర్పారు, బడిలో నేనే నేర్పాను. లెక్కలో తప్పు పట్టుకో అన్నాం. నీ విలువ నువ్వు చెప్పుకో అని ఎవరమూ అనలేదు.

"మా నాన్నకి చెప్పకండి. ఆయనకి మీరంటే చాలా గౌరవం" అని, నేను సరేనన్నాక వెళ్ళిపోయింది.

పరీక్షలయ్యాయి. ఈసారి మార్కులు నూటికి వచ్చాయి. లెక్కలు తొంభై పైన. మిగిలినవీ దాదాపు అంతే. ఒక్క ఇంగ్లీషు కాస్త తగ్గింది. సొంత జిల్లా గడిలో మళ్ళీ యానాం అనే రాసింది. ఈసారి ఫారం తనే నింపుకుంది, నా దగ్గరికి తేలేదు. మొదటి కాలేజీ మళ్ళీ తీసుకోలేదు. ఎందుకో రాయలేదు. రెండో కాలేజీలో సీటొచ్చింది.

కార్డు పట్టుకుని బాబాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వేలికి దర్జీ తొడుగు అలాగే ఉంది. "మీరారోజు అన్నారండి, తప్పకుండా వత్తాదని. మీ నోటి మాట పోద్దా మేస్టారూ!" అని నా చేతులు పట్టుకున్నాడు.

ఆయన కళ్ళలో నీళ్ళు చూస్తూ, ‘బాబాయ్, నా మాట వల్ల కాదు, నా మాట వల్ల రెండేళ్ళు పోయాయి’ అని చెబుదామనుకున్నాను. కూతురికిచ్చిన మాట అడ్డొచ్చింది. నిజానికి ఆ మాట చాటున దాక్కున్నాను. "సంతోషం బాబాయ్" అన్నాను. అందరూ అది విజయమే అన్నారు. ధాన్యం వర్తకుడు బొబ్బర్ల గారెలు పంపించాడు. నేను మాత్రం వాటిని ముట్టుకోలేదు. పద్దెనిమిదేళ్ళకి చేరవలసిన పిల్ల ఇరవై ఏళ్ళకి చేరింది. ఆ రెండేళ్ళలో ఆమె కొత్తగా నేర్చుకున్నది ఏమిటంటే, తనకి తెలిసినవాటి ఇంగ్లీషు పేర్లు.

ఆమె డాక్టరైంది. దూరాన ఒక చిన్న పట్నంలో ప్రభుత్వాస్పత్రిలో చాలా ఏళ్ళు పనిచేసింది. పండక్కో పబ్బానికో ఊరొచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ మా మధ్య రాలేదు.

ఆమె వైద్యంలో చేరిన నెలలోనే నేను ఒక పని చేశాను. పాండిచ్చేరిలో చదువుల వ్యవహారాలు చూసే ఆఫీసుకి, ఫ్రెంచిలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండు పొడుగాటి ఉత్తరాలు రాశాను. ఇరవైకి వేసే మార్కులు నూటికి ఎలా చూడాలో ఒక పట్టిక తయారు చేసి అన్ని కాలేజీలకీ పంపండి, ఇంకా ఆ కాగితాలతో మా పిల్లలు చాలామంది ఉన్నారు అని వేడుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని ఆ పట్టిక నేనే గీసి జతచేశాను. ఏడాదిన్నర తరవాత జవాబొచ్చింది. ఆత్రంగా కవరు చింపాను. మీ లేఖ అందినది, పరిశీలన నిమిత్తం దాని ప్రతులు మరి రెండు పంపగలరు అని ఉంది.

మళ్ళీ కూర్చుని అంతా చేత్తో ఎత్తిరాశాను. రెండు ప్రతులూ రిజిస్టరు చేసి పంపాను. వాటికి జవాబు రాలేదు.